బిడ్డా, మూడు నెలల తిండి ముందే పక్కన పెట్టు

బిడ్డా,

సీపీగెట్‌లో, అదే పీజీ ప్రవేశ పరీక్షలో, ఉస్మానియా ఎమ్మెస్సీ మ్యాథ్స్ సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. డిగ్రీ దాకా చదివించిన, ఇక నా వల్ల కాదని బావ అన్నాడని కూడా చెప్పింది. ఆయన్ని తప్పు పట్టకు, పత్తి పెట్టుబడికి తెచ్చిన అప్పే ఇంకా తీరలేదు. మామ దగ్గర కూడా పైస ముట్టనన్నావట. సరే, ముట్టకు. ఈ ఉత్తరం చదవడానికి పైసలక్కర్లేదు కదా.

నేను పీజీ చేసినప్పుడు నాకూ ఇంటి నుంచి రూపాయి రాలేదు. వెనకట వారాలు చేసుకొని చదువుకున్నవాళ్ల గురించి గొప్పగా చెప్తుంటారు, సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో అన్నం. మనలాంటోళ్లకు ఆ గడపలెక్కడివి? నాకు స్కాలర్‌షిప్పు, పెళ్లిళ్లలో వడ్డన, ఈ రెండే దిక్కు. ఏడాది మొత్తం లెక్కేస్తే ఆ రెండూ నా ఖర్చుకు సరిపోయేవే. అయినా మొదటి సెమిస్టర్‌లో మెస్ బాకీ ఉందని నా హాల్‌టికెట్ ఆపారు. మెస్ బిల్లు నెలనెలా వచ్చింది, స్కాలర్‌షిప్పేమో పరీక్షలైపోయిన రెండు నెలలకొచ్చింది. నా రూమ్మేట్ ఆ రెంటి మధ్య ఎడంలోనే చిక్కి పెట్టె సర్దుకొని ఊరెళ్లిపోయాడు. నాకంటే బాగా చదివేవాడు.

అందుకే చెప్తున్నా, క్లాసులు మొదలయ్యేలోపు మూడు నెలల తిండి ఖర్చు చేతిలో ఉంచుకో. డిగ్రీలో ట్యూషన్లు చెప్పి దాచినవి ఉన్నాయన్నావు. వాటితో ఫోన్ మార్చకు.

ఇక ఈపాస్, ప్రభుత్వ స్కాలర్‌షిప్పుకు ఆన్‌లైన్లో అప్లికేషన్ పెట్టుకునే చోటు. అందులో ట్యూషన్ ఫీజు కాలేజీ లెక్కలోకి పోతుంది, మెయింటెనెన్స్ కింద వచ్చేది తిండికీ బసకూ. బీసీలకు ఊళ్లో ఉండేవాళ్లకైతే కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర, పట్నంలోనైతే రెండు లక్షలు దాటకూడదు. ఆదాయం సర్టిఫికెట్‌కు ఈ వారమే మీసేవలో పెట్టెయ్, అడ్మిషన్లు ముమ్మరమైతే తహసీల్దార్ ఆఫీసులో నీ కాగితం ఏ కట్ట కింద ఉంటుందో తెలియదు. నీకు ఇంటర్లో తెరిచిన బ్యాంకు ఖాతా ఒకటుంది, డిగ్రీలో తెరిచింది ఇంకోటి. ఆధార్ దేనికి జతయ్యి ఉందో బ్యాంకుకు పోయి కనుక్కో. వాడని ఖాతాకు జతయ్యి ఉంటే పైసలు అటు పోతాయి, నువ్విక్కడ ఎదురుచూస్తూ ఉంటావు. హాజరు 75 శాతం తగ్గినా స్కాలర్‌షిప్పు చిక్కుల్లో పడుతుంది. పొద్దుటి క్లాసుకు అడ్డొచ్చే పని ఎంతిచ్చినా ఒప్పుకోకు.

నీ చేతిలో లెక్కలున్నాయి, అదే నీకు అన్నం పెడుతుంది. తార్నాక, హబ్సిగూడ క్యాంపస్‌ను ఆనుకునే ఉన్నాయి. సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి పెద్ద పరిశోధన సంస్థలు అక్కడే. పిల్లల లెక్కల గురించి బెంగపడే ఇళ్లు ఆ చుట్టుపక్కల దొరక్కపోవు. నెలకింతని మాట్లాడుకో, ఐదో తారీఖులోపు ముందే తీసుకో. నెలాఖరున ఇస్తామన్న ఇంట్లో రెండో నెల కూడా అదే మాట వినిపిస్తుంది. నువ్వు మొహమాటపడతావని తెలుసు, మీ అమ్మ పోలిక. మొదటిరోజే, వాళ్లిచ్చే చాయ్ తాగకముందే చెప్పెయ్. తాగాక నోరు రాదు.

ట్యూషన్లకూ కాలాలుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా, పదో తరగతి పరీక్షల భయం ఉన్నన్నాళ్లూ, నువ్వు వద్దన్నా పిలుస్తారు. ఏప్రిల్, మే వచ్చిందంటే సున్న. మార్చిలో చేతికొచ్చిన దాంట్లో మే నెల అన్నం ఉందని గుర్తుపెట్టుకో.

నేను చేసిన వడ్డన పని నిన్ను చెయ్యమనను. చిన్న పనని కాదు. తెల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకొని సాయంత్రం ఐదింటికి ఫంక్షన్ హాల్లో నిలబడితే ఆఖరి బంతి లేచేసరికి అర్ధరాత్రి. ఎంత రుద్దినా చేతుల్లో బగారా వాసన పోదు, మర్నాడు నోట్సు పేజీల మీద పసుపు వేలిముద్రలు. ఒక కాంట్రాక్టర్ మూడు పెళ్లిళ్ల కూలి వచ్చే వారమిస్తానని చెప్పి మాయమయ్యాడు. అప్పట్నుంచి ఏ రోజుది ఆ రోజే తీసుకున్నా. సోమవారం మొదటి క్లాసు మాత్రం రెండేళ్లూ సగం నిద్రలోనే విన్నా. నా మార్కుల మెమోలో ఆ ఒక్క పేపరు చూస్తే నీకే అర్థమవుతుంది.

హాస్టల్ సీటు రాకపోతే మాణికేశ్వర్ నగర్‌లోనో, అడిక్‌మెట్‌లోనో ఇంకో ఇద్దరితో గది చూసుకో. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత కోస్తారో ముందే రాయించుకో. బస్సు ఖర్చు నీకు లేనట్టే, 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేని మహాలక్ష్మి పథకం ఉంది. జీహెచ్‌ఎంసీ 5 రూపాయల భోజనం 2014 నుంచి నడుస్తోంది, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లంటున్నారు. అక్కడ లైన్లో నిలబడటానికి సిగ్గెందుకు? నేనిప్పటికీ హైదరాబాద్ పనిమీద వస్తే అక్కడే తింటా. అన్నం సరిపోతుంది, పచ్చడి మాత్రం ఇంకొంచెం వెయ్యమనాలి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక నెల తప్పుతుంది. అప్పుడు ఫోన్లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోకు. 2020లో మన రాష్ట్రంలోనే వాళ్ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఈపాస్ అప్లికేషన్ జిరాక్స్ పట్టుకొని వార్డెన్ దగ్గరికెళ్లి గడువడుగు. బాకీ ఒక్క నెలదే ఉన్నప్పుడు అడగాలి, మూడు నెలలదయ్యాక కాదు. నేను మొహం చాటేసుకొని తిరిగాను కాబట్టే హాల్‌టికెట్ దాకా వచ్చింది. చివరికి మా హెడ్ సార్ పూచీ ఉండి సంతకం పెడితే, పరీక్ష మొదలయ్యే గంట ముందు చేతికొచ్చింది.

హాస్టల్ అలాటయ్యేదాకా ఫ్రెండ్ గదిలో ఉండి వండుకుంటానన్నావట. పైసలు ముట్టనన్నావు గానీ బియ్యం మాటెత్తలేదు. పాతిక కిలోల సంచీ, మీ అత్తమ్మ దంచిన పల్లికారం డబ్బా శనివారం కరీంనగర్‌లో ఆర్టీసీ కార్గోలో వేస్తున్నా. జూబ్లీ బస్టాండ్‌లో దించుకో. ఆధార్ కార్డు మర్చిపోకు, అదో ఇంకో గుర్తింపు కార్డో చూపించకపోతే కండక్టర్ జీరో టికెట్ కొట్టడు.

నీ మేనమామ