చీకట్లో ఉన్నదానికి పొద్దు వాలిందని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: గాజు తొట్టె అడుగున జానెడు మందాన బంకమట్టి వేసి, రొయ్యను పోలిన మంచినీటి జీవి క్రేఫిష్‌ను పెంచుతున్నాను. పగలంతా కలుగులోంచి మీసాలు తప్ప బయట పెట్టదు. రాత్రి మాత్రం మట్టిని ఉండలు చేసి తెచ్చి కలుగు నోటి చుట్టూ పేరుస్తుంది. మూడు రోజులు తొట్టె మీద నల్ల దుప్పటి కప్పి ఉంచాను. సాయంత్రం చూస్తే కొత్త ఉండ ఒక్కటీ లేదు, తెల్లవారి చూస్తే పదీ పన్నెండూ ఉన్నాయి. దానికి వేళ ఎవరు చెప్పారు?

జవాబు: రెండు పూటలా లెక్కపెట్టడం బాగుంది. పొద్దున ఒక్కసారే చూసి ఉంటే ఆ ఉండలు ఎప్పటివో తేలేది కాదు. ఒక్క అనుమానం: ఆ మూడు రోజులూ మేత ఎప్పుడు వేశారు? రోజూ రాత్రి ఎనిమిదింటికే అయితే, దానికి గడియారం మీరే!

మేత సంగతి పక్కన పెట్టినా, దానికి సొంత గడియారం ఉంది. ఎడతెగని చీకట్లోనూ క్రేఫిష్ సుమారు 24 గంటల లయను నిలుపుకుంటుంది. ‘సుమారు’ అన్నది మరవకండి. రోజూ వెలుతురు వచ్చి సరిచేయకపోతే ఆ లయ కొద్దికొద్దిగా జరుగుతూ పోతుంది. మూడు రోజుల్లో, రెండు పూటల లెక్కతో అది మీ కంటపడదు.

ఆ గడియారం ఒక్కచోటే ఉండదు. కన్ను మోసే కాడను శరీరం నుంచి వేరుచేసి ద్రవంలో ఉంచినా, వెలుతురుకు ఆ కన్ను స్పందించే తీరు రాత్రీపగళ్ల లెక్కన పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇక తోక మరో వింత. పొట్టభాగం చివర ఉన్న నాడుల ముడికి కూడా వెలుతురు తెలుస్తుందని అమెరికన్ జీవశాస్త్రవేత్త సి. లాడ్ ప్రాసర్ 1934లో చూపారు. అంటే, తల కలుగులో దూర్చి తోక బయట వదిలేసినా తెల్లవారిన సంగతి దానికి అందుతుంది.

ఈసారి రాత్రంతా దీపం పెట్టి, పగలు దుప్పటి కప్పి చూడండి. మేత వేళ రోజూ మారుస్తూ ఉండండి. ఉండల లెక్క తారుమారు కావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. ఈలోగా అది కలుగు నోరు మూసుకుని, ఉండలు వేయడం పూర్తిగా మానేస్తే కుబుసం విడుస్తోందేమో, కదిలించకండి. నేనొకసారి ఆత్రం పట్టలేక వేలితో మట్టి తొలగించాను. కొత్త పెంకు తడి కాగితంలా వేలికి తగిలింది, గబుక్కున చెయ్యి వెనక్కు తీసుకున్నాను.