న్యూజిలాండ్ వ్యాన్ ట్రిప్ కోసం చిట్టీ ఎత్తాలా? ఆగండి, ముందు లెక్క వేద్దాం

మియాపూర్ నుంచి ఒకాయన రాశారు, ఆయన ప్రశ్న క్లుప్తంగా ఇది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే, పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. ఈ డిసెంబర్‌లో న్యూజిలాండ్ వెళ్లి క్యాంపర్ వ్యాన్ తీసుకుని రెండు వారాలు తిరగాలని కోరిక. వ్యాన్‌లోనే పడక, వ్యాన్‌లోనే వంట, కాబట్టి హోటల్ ఖర్చు ఉండదు, నలుగురికీ 5 లక్షల్లో అయిపోతుందని వీడియోలు చూసి లెక్క వేసుకున్నారు. చేతిలో 2.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. మిగతా దానికి 9 నెలలు కట్టిన 5 లక్షల చిట్టీ ఎత్తాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా, లేక మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే 15 వేల సిప్ ఏడాది ఆపేయాలా అని అడిగారు. అన్ని ఖర్చులూ, సిప్, చిట్టీ పోగా నెలకి 40 వేలు మిగులుతాయట, మార్చిలో 2.4 లక్షల దాకా బోనస్ రావచ్చట, ఎమర్జెన్సీకి 4 లక్షలు విడిగా పెట్టుకున్నారట.

ముందు ఆ 4 లక్షలు విడిగా పెట్టుకున్నందుకు చాలా సంతోషం సర్, దాన్ని ఈ ట్రిప్ లెక్కలోకి రానివ్వకండి. ఇక విషయానికి వస్తే, ట్రిప్ వెళ్లండి, నేను వద్దనడం లేదు, కానీ డిసెంబర్‌లో వద్దు, 5 లక్షలతో కాదు, మీరు చెప్పిన ఆ మూడు దారుల్లో ఏదీ వద్దు.

డిసెంబర్ ఎందుకు వద్దంటే అది అక్కడ ఎండాకాలం, వాళ్లకీ స్కూల్ సెలవులు, మన దగ్గర సంక్రాంతికి బస్ టికెట్లు ఎలా ఉంటాయో అక్కడ క్రిస్మస్, జనవరికి వ్యాన్ల పరిస్థితి అదే, ఏప్రిల్ చివర్లో దొరికే రేటుకి రెట్టింపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే అడుగుతారు. పైగా మన పిల్లలకి క్రిస్మస్ సెలవులు నాలుగైదు రోజులే, రెండు వారాలంటే స్కూల్ ఎగ్గొట్టాలి. అదే ఏప్రిల్ చివర్లో మన స్కూళ్లకి ఎండాకాలం సెలవులు మొదలయ్యే టైమ్‌కి అక్కడ రద్దీ తగ్గి ఆకురాలు కాలం నడుస్తూ ఉంటుంది, క్వీన్స్‌టౌన్ పక్కన యారోటౌన్‌లో చెట్లన్నీ బంగారు రంగులోకి మారేది ఆ రోజుల్లోనే. ఒక్క ఇబ్బంది, సాయంత్రం ఆరు లోపే చీకటి పడుతుంది, రాత్రుళ్లు బాగా చలి, దాని ఖర్చు కూడా లెక్కలో పెడతాను.

లెక్క ఈజీగా ఉండడానికి ఒక న్యూజిలాండ్ డాలర్ 52 రూపాయలు అనుకుందాం. ఒక్క సౌత్ ఐలాండ్ చాలు, రెండు దీవులూ తిరగాలంటే వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కి మూడున్నర గంటల ఫెర్రీ, అందులో వ్యాన్‌కి, మనుషులకి విడివిడిగా టికెట్, రెండు వారాల్లో అంత తిప్పలు వద్దు. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా క్రైస్ట్‌చర్చ్‌కి ఫ్లైట్, పాపకి 12 దాటింది కాబట్టి పెద్దవాళ్ల టికెట్టే, నలుగురికీ 3.6 లక్షలు పెట్టాను. వీసా, ట్రావెల్ ఇన్సూరెన్స్, ఇంకా 2024 అక్టోబర్ నుంచి 35 డాలర్ల నుంచి 100 డాలర్లకి పెంచిన విజిటర్ లెవీ (టూరిస్టుల దగ్గర ఆ దేశం తీసుకునే రుసుము), ఇవన్నీ కలిపి 70 వేలు. దిగిన రోజు మోటెల్‌లో పడుకోండి, 10 వేలు, ఎందుకంటే టైమ్ మనకంటే ఆరున్నర గంటలు ముందుంటుంది, నిద్ర లేని కళ్లతో ఏడు మీటర్ల బండి నడపడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ఇప్పుడు అసలు సంగతి, వ్యాన్. నలుగురు పడుకునేది రోజుకి 200 డాలర్లు అనుకుంటే 12 రాత్రులకి 1.25 లక్షలు, మీ లెక్కలో ఉన్నది ఇదొక్కటే. ఆ అద్దెలో ఇన్సూరెన్స్ ఉంటుంది కానీ బండికి దెబ్బ తగిలితే ముందు మీరు కట్టాల్సిన ఎక్సెస్ చాలా కంపెనీల్లో 5,000 డాలర్ల పైనే, అంటే 2.6 లక్షలు, అది తగ్గించుకోవాలంటే రోజుకి 45 డాలర్లు వేసుకోండి, 28 వేలు. తర్వాత డీజిల్, అక్కడ డీజిల్ ధరలో రోడ్ ట్యాక్స్ కలవదు, తిరిగిన కిలోమీటర్లని బట్టి రోడ్ యూజర్ చార్జ్ అని వేరే ఉంటుంది, బండి తిరిగిచ్చేటప్పుడు కంపెనీ మన దగ్గర వసూలు చేస్తుంది, బంకు దగ్గర డీజిల్ చవకగా కనిపించిందని సంబరపడ్డవాళ్లు చివర్లో ఉలిక్కిపడేది ఇక్కడే. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపో, మౌంట్ కుక్, వానాకా, క్వీన్స్‌టౌన్, టె అనౌ, మిల్‌ఫర్డ్ సౌండ్, మళ్లీ డునెడిన్ మీదుగా వెనక్కి వస్తే 1,700 కిలోమీటర్ల దాకా అవుతుంది, రెండూ కలిపి 30 వేలు.

ఇక రాత్రి బండి ఎక్కడ ఆపుతారు? ఎక్కడ పడితే అక్కడ ఆపుకోవచ్చని వీడియోల్లో చూపిస్తారు, అది నిజం కాదు. ఫ్రీ క్యాంపింగ్ చాలా చోట్ల సెల్ఫ్ కంటెయిన్డ్ బండ్లకి మాత్రమే, 2023 చట్టం ప్రకారం లోపల ఫిక్స్‌డ్ టాయిలెట్ ఉండాలి, బండి ఆ రూల్ ప్రకారం ఉందని చెప్పే గ్రీన్ వారంట్ కార్డు ఉండాలి, ఆపకూడని చోట ఆపితే ఫైన్ పడుతుంది. ఏప్రిల్ చివర్లో చలికి పిల్లలతో ఉన్నప్పుడు రాత్రంతా హీటర్ నడవాలంటే కరెంట్ ఇచ్చే పవర్డ్ సైట్ కావాలి, అది హాలిడే పార్కుల్లో దొరుకుతుంది, మనిషికింత అని తీసుకుంటారు. మధ్యలో ఒకటి రెండు రాత్రులు మౌంట్ కుక్ కింద ఉన్న వైట్ హార్స్ హిల్ లాంటి ప్రభుత్వ క్యాంప్‌సైట్‌లో ఉండొచ్చు, తక్కువ రేటు, కరెంట్ ఉండదు, ఆ రాత్రి దుప్పట్లు ఎక్కువ కప్పుకోవాలి అంతే. ఎలా చూసినా 12 రాత్రులకి 47 వేలు.

అద్దె, ఎక్సెస్ తగ్గింపు, డీజిల్, రాత్రి ఆపే చోటు, ఈ నాలుగూ కలిపితే 2.3 లక్షలు, రాత్రికి 19 వేలు. మీరు అనుకున్నది 10 వేలు. అదే చిన్న కారు అద్దెకి తీసుకుని మోటెళ్లలో ఉంటే? మోటెల్ రోజుకి 220 డాలర్లు, కారు 80, దాని ఇన్సూరెన్స్ 25, పెట్రోల్, అన్నీ వేసి చూశాను, 2.2 లక్షలు వచ్చింది, పైగా అక్కడి మోటెళ్లలో చాలా వాటికి చిన్న వంటగది కూడా ఉంటుంది, అన్నం పప్పు అక్కడ కూడా వండుకోవచ్చు. అంటే సర్, వ్యాన్ మిగులు కాదు. డబ్బు మిగులుతుందని వ్యాన్ తీసుకోకండి, వ్యాన్ అంటే ఇష్టం కాబట్టి తీసుకోండి. టెకాపో చుట్టుపక్కల ప్రాంతాన్ని 2012లో డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి ఆకాశం చీకటిని కాపాడే ప్రాంతంగా ప్రకటించారు, మియాపూర్‌లో పుట్టి పెరిగిన పిల్లలు ఆకాశంలో పది నక్షత్రాలు కూడా లెక్కపెట్టి ఉండరు, అలాంటిది బండి తలుపు తీయగానే పాలపుంత కనిపిస్తుంది, దానికి డబ్బు పెట్టడం నా దృష్టిలో దుబారా కానే కాదు. కానీ చవక అనే పేరుతో కాదు.

సామాన్లు, తిండికి 52 వేలు, మిల్‌ఫర్డ్ బోటు, ఇతర టికెట్లు, సిమ్ కార్డులకి ఇంకో 52 వేలు. మొత్తం 7.75 లక్షలకి కాస్త తక్కువ, పదిశాతం చేతిలో ఉంచుకుంటే 8.5 లక్షలు. ఇది డిసెంబర్ రేటు కాదు, ఏప్రిల్ రేటు.

ఇప్పుడు మీ మూడు దారులు చూద్దాం. చిట్టీ గురించి, ఈ నెల పాట లక్షా పది వేలకి పోయిందని మీరే రాశారు, అంటే మీరు ఎత్తితే చేతికొచ్చేది 3.9 లక్షలు, జామీనుదార్లని వెతుక్కోవాలి, ఆ తర్వాత 16 నెలలు కట్టుకుంటూ పోవాలి. ఆ చిట్టీ పాప ఇంటర్ ఫీజు కోసం వేశామని కూడా మీరే రాశారు కదా, చివరిదాకా ఆగితే ఇంత తగ్గించుకుని ఎత్తాల్సిన పనే ఉండదు, దాన్ని ముట్టుకోకండి. పర్సనల్ లోన్ అయితే 8.5 లక్షల్లో ఎఫ్‌డీ పోను 6 లక్షలు, 14 శాతానికి మూడేళ్లు తీసుకుంటే ఈఎంఐ 20,500, వడ్డీయే 1.38 లక్షలు, అంటే వ్యాన్ అద్దె ఇంకోసారి కట్టినట్టు. ఇంటికొచ్చి ఫొటోలు ఫోన్‌లో కిందికి వెళ్లిపోయాక కూడా ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖున వస్తుంది, ఇలా ఇరుక్కున్న కుటుంబాలని నా దగ్గర చూశాను, చాలా బాధేస్తుంది. సిప్ ఆపితే వచ్చేది 1.8 లక్షలు, అది కూడా ఏడాది తర్వాత, పైగా ఒకసారి ఆపిన సిప్ మళ్లీ మొదలుపెట్టేవాళ్లు తక్కువ.

నా దారి చాలా సింపుల్. ఈ నెల నుంచి 40 వేలు ఆర్‌డీలోనో (బ్యాంకులో నెలనెలా వేసే డిపాజిట్), లిక్విడ్ ఫండ్‌లోనో (రిస్క్ తక్కువ ఉండే మ్యూచువల్ ఫండ్) వేయండి, ఏడాది లోపు కావాల్సిన డబ్బు కాబట్టి షేర్ల వైపు అస్సలు వద్దు. తొమ్మిది నెలలకి 3.6 లక్షలు, ఎఫ్‌డీ 2.5, మార్చి బోనస్ 2.4, కరెక్ట్‌గా 8.5 లక్షలు. బోనస్ రాకపోతే అప్పు చేయొద్దు, ట్రిప్‌ని దసరా సెలవులకి జరపండి, ఆ ఆరు నెలల 40 వేలు అదే 2.4 లక్షలు అవుతుంది, అక్టోబర్‌లో అక్కడ వసంతం, కొండల మీద ఇంకా మంచు ఉంటుంది. అంతకంటే లేట్ మాత్రం చేయకండి, పాప పదో తరగతికి వచ్చాక మన ఇళ్లలో ఎవరూ ఊరు దాటరు, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

డబ్బు పంపే విషయంలో కొన్ని జాగ్రత్తలు. ఏజెంట్ దగ్గర ప్యాకేజీగా కొంటే టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే ట్యాక్స్ పట్టుకుంటారు, రేటు బడ్జెట్‌ని బట్టి మారుతూ ఉంటుంది, అది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద ఉండే ట్యాక్స్ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, రిటర్న్‌లో తీసుకోవచ్చు, ఉద్యోగస్తులు ఆ వివరాలు ఆఫీసులో ఇస్తే జీతం టీడీఎస్‌లోనే సర్దుతారు. ఫ్లైట్, వ్యాన్ మీరే విడివిడిగా బుక్ చేసుకుని ఫారెక్స్ కార్డులో లోడ్ చేసుకుంటే 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల వరకు టీసీఎస్ లేదు. క్రెడిట్ కార్డు 3.5 శాతం మార్కప్, దాని మీద జీఎస్‌టీ కలిపి 4 శాతం దాటుతుంది, అందుకని రోజువారీ ఖర్చంతా ఫారెక్స్ కార్డు మీదే చేయండి. కానీ వ్యాన్ తీసుకునేటప్పుడు ఎక్సెస్ మొత్తానికి హోల్డ్ పెట్టడానికి (కార్డులో అంత డబ్బు తాత్కాలికంగా ఆపి ఉంచడానికి) చాలా కంపెనీలు క్రెడిట్ కార్డే అడుగుతాయి, ఇంటర్నేషనల్ లిమిట్ ఇక్కడే ఆన్ చేసి పెట్టుకోండి. అక్కడ మెషీన్ రూపాయల్లో కట్టాలా అని అడిగితే వద్దని డాలర్లే నొక్కండి. డాలర్ 52 నుంచి 55 అయినా మీకు పడే తేడా 20 వేలే, ఆ పదిశాతంలో సరిపోతుంది, కంగారు పడకండి.

ఆవకాయ తీసుకెళ్లొచ్చా అని మీ ఆవిడ అడగమన్నారు కదా. తీసుకెళ్లడం కన్నా దాచడం పెద్ద తప్పు సర్, తినే వస్తువు ఏదున్నా ట్రావెలర్ డిక్లరేషన్‌లో డిక్లేర్ చేయాలి, చేయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు, మన డబ్బులో 20 వేల పైనే. తేనె అస్సలు వద్దు. ఇంట్లో పెట్టినది కాకుండా కంపెనీ సీల్ ఉన్న ప్యాకెట్ ఒకటి పెట్టుకుని డిక్లేర్ చేయండి, వాళ్లు తీసేస్తే తీసేస్తారు, కందిపప్పు, బియ్యం, చింతపండు క్రైస్ట్‌చర్చ్‌లో ఇండియన్ షాపుల్లోనే దొరుకుతాయి.

మన లైసెన్స్ ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి అక్కడ చెల్లుతుంది, మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్. ఈ వారం చేయాల్సింది ఒక్కటే, పిల్లల పాస్‌పోర్టులు తీసి ఎక్స్‌పైరీ చూడండి, వాళ్లవి ఐదేళ్లకే అయిపోతాయి. వీసా చేతికి వచ్చేదాకా క్యాన్సిల్ కాని టికెట్లు కొనకండి. వ్యాన్ మాత్రం ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నది ముందే బుక్ చేసుకోండి, డ్రైవర్ సీటు పైన ఉండే బెడ్ తనదేనని మీ బాబు అప్పుడే చెప్పేశాడని రాశారు, అన్ని మోడల్స్‌లో అది ఉండదు, చూసి తీసుకోండి.