వందేళ్ల నాటి అంటార్కిటికా ఫోటో కాఫీ మగ్గు మీద వేస్తే కేసవుతుందా?

ప్రశ్న: విశాఖలో ఇంట్లోనే చిన్న మగ్ ప్రింటింగ్ మెషీన్ పెట్టుకున్నాను. 1915లో అంటార్కిటికా మంచులో ఇరుక్కుపోయిన ఎండ్యూరెన్స్ ఓడ ఫోటో వేసి, కాఫీ మగ్గులు ఆన్‌లైన్‌లో నలభై దాకా అమ్మాను. ఇప్పుడు ఒక విదేశీ ఫోటో సంస్థ తరఫున మెయిల్ వచ్చింది. హక్కులు తమవేనని, 75,000 రూపాయలు కట్టకపోతే క్రిమినల్ కేసు పెడతామని. అమ్మే సైట్ కూడా నా మగ్గుని తీసేసింది. వందేళ్లు దాటిన ఫోటోకి ఇంకా హక్కులుంటాయా? లండన్‌లో ఉన్న మా తమ్ముడు పాతిక మగ్గులు పంపమంటున్నాడు, పంపొచ్చా?

జవాబు: ముందు ఆ 75,000 కట్టకండి. అలాగని మెయిల్ చూడనట్టు ఊరుకోకండి కూడా, జవాబు ఇవ్వాల్సిందే. తమ్ముడి పార్సిల్ మాత్రం ప్రస్తుతానికి ఆపండి, ఎందుకో చివర్లో చెప్తాను.

మీ మగ్గు మీదున్నది ఫ్రాంక్ హర్లీ తీసిన ఫోటో. ఆస్ట్రేలియా ఆయన. 1915 ఆగస్టులో, ధ్రువపు చీకట్లో, ఓడ చుట్టూ ఇరవై దాకా ఫ్లాష్‌లు పెట్టి తీసింది అదే అనుకుంటున్నాను, ఓడ తెల్లటి దయ్యంలా కనిపిస్తుంది. అక్టోబరులో ఓడ మంచు మధ్య నలిగిపోతే హర్లీ చొక్కా విప్పి ఆ చల్లటి నీళ్లలోకి దిగి నెగెటివ్‌ల డబ్బాలు బయటికి లాగాడు, తర్వాత మోయలేమని ఆయనా, యాత్ర నాయకుడు షాకిల్టన్ కూర్చుని 120 దాకా గాజు ప్లేట్లు (అప్పట్లో నెగెటివ్‌లు అవే) ఉంచుకుని, మళ్లీ మనసు మారకుండా మిగతా నాలుగు వందలూ అక్కడికక్కడే పగలగొట్టారు. కథ బాగుందని చెప్పట్లేదు. ఆ గాజు ప్లేటు ఎవరిది అన్నదే అప్పటి చట్టంలో అసలు ప్రశ్న. 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం, అదే 1914లో మనకీ వచ్చింది, ఫోటో తీసినవాడిని కాదు, నెగెటివ్ యజమానిని రచయితగా లెక్కేసేది. నెగెటివ్ తయారైన రోజు నుంచి 50 ఏళ్లు హక్కు. అంటే 1965.

ఈలోగా 1958 జనవరిలో మన 1957 చట్టం అమల్లోకి వచ్చి, ఫోటోలకి లెక్క మార్చింది. అచ్చయిన నాటి నుంచి 50 ఏళ్లు, 1992లో అది 60 అయింది. హర్లీ ఫోటోలు ఆ రోజుల్లోనే బయటికొచ్చాయి, 1919లో షాకిల్టన్ పుస్తకంలో కూడా కొన్ని వేశారు. మీ ఫోటో అప్పుడే అచ్చయిందని చూపే ఒక్క కాగితం దొరికితే చాలు, మన దేశంలో దాని హక్కు ఎప్పుడో ముగిసినట్టే. 2012లో చట్టం మళ్లీ మారి ఫోటోలకి కూడా ఫోటోగ్రాఫర్ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అన్నారు, కానీ ఒకసారి ముగిసిన హక్కు దానితో తిరిగి బతకదు. పోనీ ఆ లెక్కే పెట్టండి, హర్లీ 1962లో పోయాడు, 2022 డిసెంబరుతో అదీ అయిపోయింది. చిక్కల్లా ఎక్కడంటే, పెట్టెలో పడుండి ఎన్నో దశాబ్దాల తర్వాత మొదటిసారి అచ్చయిన ఫోటో అయితే వాళ్లకి వాదించే దారి దొరుకుతుంది. ఎప్పుడు తీశారన్నది కాదు, మొదట ఎప్పుడు అచ్చయిందన్నది వెతకండి.

మీరు ఏ ఫైల్ వాడారో మాత్రం రాయలేదు. ఏదైనా ఆర్కైవ్ సైట్ నుంచి "సొంత వాడకానికే" అన్న షరతుకి టిక్ పెట్టి దించుకున్నారా? అలాగైతే కాపీరైట్ లేకపోయినా ఒప్పందం ఉల్లంఘించారని అడిగే వీలుంది, అది వేరే గొడవ. ఎవరో ఈ మధ్య రంగులు అద్దిన ఫైల్ అయితే ఆ రంగుల పనికి కొత్త హక్కు ఉండొచ్చు, దాని జోలికి పోకండి. పాత ప్రింటుని ఉన్నదున్నట్టు స్కాన్ చేసినందుకు మాత్రం కొత్త హక్కు పుడుతుందని నేను ఒప్పుకోను. ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు శ్రమ ఒక్కటే సరిపోదు, కాస్తయినా సృజన ఉండాలంది కదా.

క్రిమినల్ కేసు మాటకి టెన్షన్ పడుతున్నారని అర్థమైంది. మన కాపీరైట్ చట్టంలోని 63వ సెక్షన్ నిజంగానే గట్టిది, ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరమని 2022లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కానీ ఉన్న కాపీరైట్‌ని, అదీ తెలిసి ఉల్లంఘిస్తేనే ఆ సెక్షన్. ముగిసిపోయిన దానికి ఉల్లంఘనేంటి? పైగా ఆధారం లేకుండా ఇలా బెదిరిస్తే 60వ సెక్షన్ కింద మీరే కోర్టుకెళ్లి, ఆ బెదిరింపులు ఆపమని ఆర్డరు, నష్టపోయి ఉంటే పరిహారం కూడా అడగొచ్చు. జవాబులో ఈ సెక్షన్ ఒక్క వాక్యంలో రాయండి, గొంతు తగ్గుతుంది. దాంతోపాటు మూడు విషయాలు అడగండి. హక్కు ఎవరి దగ్గర్నుంచి ఎలా వచ్చింది, రాతపూర్వక బదిలీ పత్రం ఏది, ఫోటో మొదట ఎక్కడ ఎప్పుడు అచ్చయింది. నెగెటివ్ యజమాని దాకా ఆ గొలుసు చూపించాల్సిన పని వాళ్లది, మీది కాదు.

అమ్మే సైటుకి కూడా ఇదే రాసి, కాపీరైట్ రూల్స్ 2013లోని 75వ రూలు గుర్తుచేయండి. ఫిర్యాదు చేసినవాళ్లు 21 రోజుల్లో కోర్టు ఆర్డరు తేకపోతే తీసేసినదాన్ని మళ్లీ పెట్టొచ్చని అందులో ఉంది. పెట్టాలని కాదు, పెట్టొచ్చని. సైట్లు తమ పాలసీ అంటూ నాన్చుతాయి, ఓపిక పట్టాలి.

ఇక లండన్. మన దగ్గర ముగిసిన హక్కు అన్ని దేశాల్లోనూ ముగిసినట్టు కాదు. బ్రిటన్‌లో రచయిత పోయాక 70 ఏళ్లు, ఆ లెక్కన హర్లీ ఫోటోలకి 2032 చివరి దాకా హక్కుందని అక్కడ వాదించే వీలుంది. పాతిక మగ్గుల లాభం కోసం ఆ తలనొప్పి అక్కర్లేదు. తమ్ముడికి మరీ పంపాలనుంటే హెర్బర్ట్ పాంటింగ్ ఫోటోలు చూడండి. అంటార్కిటికా యాత్రకి కెప్టెన్ స్కాట్ బృందంతో వెళ్లి, 1911 జనవరిలో మంచుకొండ గుహలోంచి దూరంగా టెర్రానోవా ఓడ కనిపించేలా తీసింది ఆయనే. 1935లో పోయాడు, బ్రిటన్ లెక్కలో కూడా 2005తో అయిపోయింది. నన్నడిగితే మగ్గు మీదికి అదే ఇంకా బాగుంటుంది కూడా, గుహ గుండ్రంగా ఉంటుంది కాబట్టి.

ఏ ఫోటో అయినా తీసినవాడి పేరు మగ్గు అడుగున వేయండి, మొహాలకి కళ్లజోళ్లు తగిలించి వెటకారం మాటలు రాయకండి. 57వ సెక్షన్‌లోని పేరు, పరువు హక్కులు కాపీరైట్ పోయినా పోవు, వారసులు అడగొచ్చు.

ఆ మెయిల్ పూర్తి కాపీ, మీరు ఫైల్ దించుకున్న పేజీ స్క్రీన్‌షాట్, అమ్మకాల బిల్లులు ఒక చోట పెట్టుకుని, జవాబు పంపే ముందు దగ్గర్లోని లాయర్‌కి ఒకసారి చూపించండి.