నిత్య సహాయ మాత పటంలో ఆ చెప్పు ఎందుకు ఊడింది?

మీరు అడిగినవి రెండు. బాల యేసు కాలి చెప్పు ఎందుకు వేలాడుతోంది, తల్లి మరియమ్మ బిడ్డను చూడకుండా మనల్ని ఎందుకు చూస్తోంది అని. చెప్పు సంగతి నాకు చిన్నప్పుడే తెలిసింది. రెండోది అర్థం కావడానికి నేను తల్లినయ్యేదాకా పట్టింది.

మాది విజయవాడ దగ్గర. గుణదల మాత చేతుల్లో బిడ్డ ఉండడు, అది లూర్దు మాత రూపం. అందుకే బిడ్డతో ఉన్న మాత అంటే నాకు అమ్మమ్మ ఇంట్లో కొవ్వొత్తి మసి పట్టిన ఆ పటమే. జపమాల చెప్పుకుంటున్నంత సేపూ నా చూపు ఆ చెప్పు మీదే ఉండేది. ఎక్కడ పడిపోతుందోనని ఒకటే టెన్షన్. ఒకరోజు అడిగేశాను. "పైన దూతలు ఏం పట్టుకొచ్చారో చూడవే. అవి చూసి పిల్లాడు జడుసుకున్నాడు. అమ్మ దగ్గరికి పరిగెత్తుకొస్తుంటే పట్టీ ఊడింది" అంది అమ్మమ్మ.

ఆవిడ చదువుకున్నది కాదు గానీ, చెప్పింది సరిగ్గా చెప్పింది. మనకు కుడి పక్కనున్న గబ్రియేలు చేతిలో సిలువ, మేకులు ఉంటాయి. ఎడమ పక్కన మిఖాయేలు చేతిలో ఈటె, స్పంజి. అన్నీ ముందు ముందు ఆ బిడ్డ పడబోయే శ్రమల గుర్తులే. గ్రీకు సంప్రదాయంలో ఇలాంటి చిత్రానికి 'శ్రమల మాత' అనే పేరుంది. 15వ శతాబ్దంలో క్రీటు ద్వీపపు చిత్రకారుడు ఆండ్రెయాస్ రిట్సోస్ ఈ పద్ధతిలో గీసిన చిత్రాలు ప్రసిద్ధం. మన ఇళ్లల్లో ఉండే పటానికి మూలం రోమ్‌లో, సెయింట్ అల్ఫోన్సస్ గుడిలో ఉంది. 1866లో తొమ్మిదో పయస్ పోప్ దాన్ని రిడెంప్టరిస్టులనే కథోలిక గురువుల సభకు అప్పగించారు. చెక్క మీద వేసిన బొమ్మ, ఎత్తు అర మీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే.

బంగారు రంగు వెనుకభాగం, నుదుటి మీద నక్షత్రం, వీటి అర్థాలు ఎవరైనా చెబుతారు. నన్ను కదిలించేవి మాత్రం చేతులు. రష్యాలోని వ్లదీమిర్ మాత చిత్రంలో బిడ్డ తల్లి చెంపకు చెంప ఆనించి, మెడ చుట్టూ చెయ్యి వేసి ఉంటాడు. ఇక్కడ ముద్దూ మురిపెం ఏమీ లేదు. బిడ్డ రెండు చేతులూ తల్లి కుడిచేతిని పట్టుకున్నాయి. తల్లి ఆ చెయ్యి బిగించలేదు, పట్టుకోనిచ్చింది. పై దూతలిద్దర్నీ అరచేత్తో మూసి ఒకసారి చూడండి, మామూలు తల్లీబిడ్డలే. చెయ్యి తీయగానే పిల్లాడు మెడ తిప్పి ఏం చూస్తున్నాడో తెలుస్తుంది.

మా వాడికి ఏడాదిన్నర టీకా వేయించిన రోజు ఇదే చూశాను. ఒళ్లో కూర్చుని నా బొటనవేలు రెండు చేతులతో పట్టుకున్నాడు. మొహం మాత్రం నా వైపు లేదు, మెడ తిప్పి నర్సమ్మ ట్రే వైపే చూస్తున్నాడు. నేనూ వాణ్ణి చూడలేకపోయాను. చూస్తే ఏడ్చేస్తానని తల ఎత్తాను. ఎదురు బెంచీ మీద తర్వాతి వంతు కోసం ఒకావిడ పసిబిడ్డను పొదివి పట్టుకుని కూర్చుంది. సూది దిగేదాకా ఇద్దరం ఒకరి కళ్లలోకి ఒకరం అలాగే చూసుకున్నాం. పటంలో ఆ తల్లి మనల్ని చూసే చూపు అదేనని నాకు అప్పుడు తెలిసింది.