ముద్దు చేస్తుంటేనే కరుస్తోంది!

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పిల్లికి ఎనిమిది నెలలు. తనే వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. నిమురుతుంటే ఉన్నట్టుండి చెయ్యి కరుస్తుంది. రాత్రిళ్లు మావారి కాలివేళ్ల మీద పడుతుంది. మొన్న నాకు రక్తం వచ్చింది. అత్తయ్య పసుపు అద్ది, దీన్ని ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు మీ చెయ్యి సంగతి చూద్దామమ్మా. పిల్లి కోరలు సూదుల్లా లోతుగా దిగుతాయి. పైకి చుక్కంత గాయమే కనిపించినా, దాని నోట్లోని పాశ్చురెల్లా బ్యాక్టీరియా వల్ల ఒక్కరోజులోనే చెయ్యి వాచిపోవచ్చు. పసుపు, సున్నం, కారం ఏవీ వద్దు. కరిచిన వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. రేబిస్ పిల్లి కాటుతోనూ వస్తుంది. మీ పిల్లికి టీకా వేయించారో లేదో రాయలేదు. మొన్నటి కాటుకు ఇంకా చూపించుకోకపోతే, ఎన్నాళ్లయినా సరే, ఈ పేజీ పక్కన పెట్టి బయల్దేరండి. ప్రభుత్వాస్పత్రిలో టీకా ఉచితమే.

ఇక పిల్లి సంగతి. ఒళ్లో వెచ్చగా ఉంటుందని ఎక్కుతుంది. అంతమాత్రాన గంటసేపు నిమరమని కాదు. కాసేపయ్యాక దానికి చిరాకు పుడుతుంది. తోక కొస కొట్టుకుంటుంది, వీపు మీద చర్మం వణుకుతుంది, చెవులు పక్కకు వాలుతాయి. మీరు టీవీ చూస్తూ నిమురుతున్నారేమో, అందుకే 'ఉన్నట్టుండి' అనిపిస్తోంది! పొట్ట జోలికి పోకండి. బుగ్గలు, గడ్డం కింద నాలుగుసార్లు నిమిరి ఆపండి. తల ఆనించి ఇంకా కావాలంటే అప్పుడు చూద్దాం. కరిస్తే చెయ్యి విదిలించకండి. ఎలుక పారిపోతోందనుకుని ఇంకా గట్టిగా పట్టేస్తుంది. కదలకుండా ఉంచి, వదలగానే మాట్లాడకుండా లేచి వెళ్లిపోండి. కొడితే భయంతో మరింత కరుస్తుంది.

కాలివేళ్ల మీద దాడి మాత్రం వేట సరదా. అది చిన్నగా ఉన్నప్పుడు మీవారు వేళ్లాడించి ఆడించేవారేమో అడగండి! పడుకోబోయే ముందు కర్రకు దారంతో కట్టిన ఈకతో పది నిమిషాలు పరుగులు పెట్టించి, చివర్లో దాన్ని పట్టుకోనిచ్చి, ఆ తర్వాత తిండి పెట్టండి. ఆట అయ్యాక దారం దాచేయండి. మింగితే పేగుల్లో చిక్కుకుంటుంది.

వదిలేయడం మాటంటారా, పెంచుకున్న జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అత్తయ్యగారికి ఆ మాట మెల్లగా చెప్పండి. ఇన్నాళ్లూ కరవని పిల్లి ఇప్పుడే మొదలుపెట్టి ఉంటే పంటినొప్పో, ఇంకేదైనా నొప్పో ఉండొచ్చు. దగ్గర్లోని పశువైద్యశాలలో చూపించి, రేబిస్ టీకా వేయకపోతే అప్పుడే వేయించండి.