ట్యాలీ, ఎక్సెల్ పనికి పీసీ అసెంబుల్ చేయిస్తే డబ్బు దేనిమీద పెట్టాలి?

ఈ పనికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఆ డబ్బు మిగిలినట్టే. అయితే ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే (ఐ5-12400ఎఫ్ లాంటివి) వద్దనండి. అందులో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు. కాస్త చవకని షాపుల్లో అదే అంటగడుతుంటారు.

ర్యామ్ 16 జీబీ చాలు. ఒకే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు వేయించండి, రెండూ కలిసి పనిచేస్తే డేటా వేగంగా అందుతుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా తెలుస్తుంది. విండోస్‌కి 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజ్ డ్రైవ్) పెట్టించండి.

కక్కుర్తి పడకూడనిది మాత్రం ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై) దగ్గర. క్యాబినెట్‌తో ఊరికే వచ్చేది అస్సలు వద్దు. మా ఆఫీసులో అలాంటిదే ఒకటి పోతూ పోతూ మదర్‌బోర్డునీ వెంట తీసుకుపోయింది!