ఏడాది చివర వీలునామా ఒకసారి తిరగెయ్యండి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

"వీలునామా ఎప్పుడో రాసేశాం కదా మామయ్యా, మళ్లీ చూడాలా?" అని అడిగావు. చూడాలమ్మా. అది రాసినప్పటి ఇల్లు కాదు ఇప్పుడు మీది. రెండో పాప పుట్టింది, పాత ఫ్లాట్ అమ్మేశారు, అల్లుడుగారు ఉద్యోగం మారారు. ఇవేవీ ఆ కాగితానికి తెలియవు. ఏడాది చివర ఎలాగూ లెక్కలు చూసుకుంటారు, అదే ఊపులో ఒక పూట దీనికి పెట్టండి. ఇద్దరూ కలిసే కూర్చోండి. ఒక్కరే చూస్తే రెండోవారికి ఏం ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు.

ముందు వీలునామా తియ్యకండి, నామినీ ఫారాలు తియ్యండి. బ్యాంకు ఖాతాలు, బీమా, రిటైర్మెంట్ సొమ్ము, షేర్లు, అన్నిట్లో ఎవరి పేరుందో ఒక్కొక్కటే చూడండి. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీల్లో అమ్మ పేరో నాన్న పేరో అలాగే ఉండిపోవడం మామూలే. నామినీకి ఎంత హక్కన్నది దేశాన్ని బట్టి మారుతుంది. భారత్‌లో బ్యాంకు డిపాజిట్‌కి నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు అప్పజెప్పాల్సిన మనిషే గానీ సొంతదారు కాదు. అమెరికాలో రిటైర్మెంట్ ఖాతా డబ్బు సాధారణంగా ఫారంలో పేరున్నవారికే నేరుగా పోతుంది, వీలునామాలో ఏం రాసినా సరే.

అక్కడి సుప్రీంకోర్టు 2009లో తేల్చిన కేసు ఒకటుంది. ఒకాయన 1994లో విడాకులు తీసుకున్నాడు. కంపెనీ ద్వారా ఉన్న ఆయన పింఛను పొదుపులో తనకేమీ వద్దని భార్య విడాకుల్లోనే ఒప్పుకుంది. ఈయన మాత్రం కంపెనీ దగ్గరున్న ఫారంలో ఆమె పేరు తీయించలేదు. 2001లో పోయాడు. దాదాపు 4 లక్షల డాలర్లు ఆ మాజీ భార్యకే చెల్లించారు. కూతురు కోర్టుకెక్కితే, కంపెనీ తన దగ్గరున్న ఫారం ప్రకారం ఇవ్వడం సరైనదేనని న్యాయమూర్తులందరూ ఒకే మాట చెప్పారు. పది నిమిషాల పని చేయకపోవడం వల్ల వచ్చిన తంటా అది. అల్లుడుగారి పాత ఉద్యోగం తాలూకు ఖాతా ఏమైందో ముందు అది అడుగు.

ఇక వీలునామా. మీది కాదనుకుని, రేపు దీన్ని అమలు చెయ్యాల్సిన మనిషిలా చదవండి. "ఫ్లాట్ పెద్దమ్మాయికి, బ్యాంకులో ఉన్నది నా తమ్ముడి చదువుకి" అని రాశారనుకో. ఇప్పుడు ఫ్లాట్ అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. ఆ లెక్కన పెద్దమ్మాయికి దక్కేది లేదు, ఎందుకంటే రాసిచ్చిన వస్తువే లేకపోతే ఆ రాత సాధారణంగా చెల్లదు. మీ మనసులో ఉన్నది అది కాదని నాకు తెలుసు, కానీ కాగితం మనసుని చదవదు. అందుకే వస్తువుల పేర్లతో పంచడం కన్నా వాటాలుగా రాయడం మేలని నా అభిప్రాయం. చిన్నమ్మాయి పేరు కూడా స్పష్టంగా చేర్చండి, "పిల్లలకు" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి.

మార్పు చెయ్యాలంటే పెన్నుతో కొట్టేసి పక్కన రాయకూడదు. మార్పుకీ మొదటిసారి లాగే సంతకం, సాక్షులు కావాలి. చిన్న సవరణకి అనుబంధం చాలు, కానీ మీకు ఇన్ని మారాయి కాబట్టి కొత్తదే రాయించుకోండి. వాటా పొందేవారిని సాక్షులుగా పెట్టకండి, కొన్నిచోట్ల వాళ్ల వాటాయే పోతుంది. ఇంకో మాట. వేరే దేశంలో ఉన్న ఆస్తికి విడిగా వీలునామా రాయించుకుంటే, అందులో "ఇంతకు ముందువన్నీ రద్దు" అన్న వాక్యం మామూలుగానే ఉంటుంది. దాన్ని చూడకుండా సంతకం పెడితే ఇక్కడిది కూడా కొట్టుకుపోతుంది. లాయరుకి రెండో వీలునామా సంగతి ముందే చెప్పండి.

పన్నుల విషయం మీ ఆడిటర్‌ని అడగండి, నియమాలు ఏటా మారుతుంటాయి. పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున వ్యవహారాలు చూడమని ఇంకొకరికి ఇచ్చే అధికారపత్రం, ఉంది కదా అని ధీమాగా ఉండకండి, ఇచ్చిన మనిషి పోగానే అది ఆగిపోతుంది.

ఫోన్ సంగతి మాత్రం నిదానంగా చెబుతాను. నా స్నేహితుడొకడు పోయినప్పుడు కాగితాలన్నీ ఒక ఫైల్లో పద్ధతిగా ఉన్నాయి. కానీ ఓటీపీలన్నీ వాడి ఫోన్‌కే వచ్చేవి, దాని లాక్ ఎవరికీ తెలియదు. బిల్లు దండగని పిల్లలు నంబరు రద్దు చేయించారు. తర్వాత ఏ ఖాతాలు ఉన్నాయో తెలుసుకోవడానికే నెలలు పట్టింది, వాళ్ల టెన్షన్ చూడలేకపోయాను. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒకటుంది, 3 నెలల నుంచి 18 నెలల వరకు ఖాతా కదలకపోతే మీరు చెప్పినవాళ్లకి కబురు వెళుతుంది. యాపిల్‌లో లెగసీ కాంటాక్ట్ ఉంది, మనం పోయాక మన ఖాతా ఎవరు చూడొచ్చో అందులో పెట్టుకోవచ్చు. రెండూ ఆ పూటే పెట్టేయండి. ఖాతాల పేర్లతో ఒక జాబితా రాసి తేదీ వెయ్యండి. పాస్‌వర్డ్‌లు వీలునామాలో మాత్రం రాయకండి, రేపు దాన్ని పదిమంది చదువుతారు. వీలునామా అసలు కాగితాన్ని ఒక్కరి పేరు మీదే ఉన్న లాకర్‌లో పెడితే, దాన్ని తెరవడానికే వారసత్వ కాగితాలు అడుగుతారు.

పిల్లలకి గార్డియన్‌గా రాసినవారిని ఈ ఏడాది మళ్లీ అడగండి. అప్పుడు సరేనన్నవారి ఆరోగ్యం, ఇల్లు, సంసారం ఇప్పుడు ఎలా ఉన్నాయో మనకేం తెలుసు? మొహమాటపడకుండా కాదనే వీలు వాళ్లకి ఇవ్వండి.

చివరగా, అమలు చేసే బాధ్యత నా పేరున రాశారు. నా మీద అంత నమ్మకం పెట్టుకున్నందుకు సంతోషమే. కానీ ఈ పని చేసేవాడు మీకన్నా వయసులో చిన్నవాడైతే నయం. నా పేరు తీసి మీ తమ్ముడి పేరు రాయండి, వాడు కాకపోతే ఎవరన్నది కూడా కిందే రాయండి. నేనేమీ అనుకోను. వాడికి చెప్పాల్సినవి నేను దగ్గర కూర్చుని చెబుతాను, ఈ నెలలోనే వాడిని నా దగ్గరికి పంపు.

మీ మామయ్య